ఒకే డిస్ట్రిక్ట్‌కి ఇద్దరు రిప్రజెంటేటివ్‌లా? వాషింగ్టన్ స్టేట్ బ్యాలెట్ తెలిసినవాళ్ళు చెప్పండి

ఈస్ట్‌సైడ్_కొత్తఓటరు

అందరికీ నమస్తే. పోయిన డిసెంబర్‌లో సిటిజన్‌షిప్ వచ్చింది, మొన్న శనివారం పోస్టులో మొదటి బ్యాలెట్ వచ్చింది, నవంబర్ ఎన్నికకి ముందు అభ్యర్థుల్ని వడపోసే ఆగస్టు ప్రైమరీది. పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆవిడా దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాం. యూఎస్ కాంగ్రెస్ వరకు బాగానే అర్థమైంది. దాని కింద మా లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్ నంబర్ వేసి స్టేట్ రిప్రజెంటేటివ్ పొజిషన్ 1 అని నలుగురి పేర్లు, మళ్ళీ పొజిషన్ 2 అని ఇంకో ఇద్దరి పేర్లు ఉన్నాయి. అంటే మా నియోజకవర్గానికి ఇద్దరు ఎమ్మెల్యేలా? లేకపోతే డిస్ట్రిక్ట్‌ని రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒకరా? అలాగైతే మా ఇల్లు ఏ ముక్కలో ఉందో ఎక్కడ చూడాలి?

ఇంకో గందరగోళం ఏంటంటే, మా బావమరిది అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాడు, ఫోన్ చేస్తే "ఏముంది బావా, లిస్టులో నచ్చిన ఇద్దరికీ వెయ్యడమే, మేమంతా అలాగే వేస్తాం" అన్నాడు. పొజిషన్ 1లో నాకు ఇద్దరు నచ్చారు, ఆ ఇద్దరికీ వేసెయ్యొచ్చా మరి? పైగా స్టేట్ సెనేటర్ అనే మాటే ఈ బ్యాలెట్‌లో లేదు. పేరు కింద "ఫలానా పార్టీని ఇష్టపడుతున్నారు" అని ఎందుకు రాశారో కూడా తెలియలేదు. మొదటిసారి వేస్తున్న ఓటు, తప్పు చేసి పాడుచేసుకోవడం ఇష్టం లేదు.

రెయినీర్_రావు

అయ్యో, ముందు ఆ పెన్ను పక్కన పెట్టండి. పొజిషన్ 1లో ఇద్దరికి గుర్తు పెడితే ఆ పోటీలో మీ ఓటు లెక్కలోకి రాదు. మీ బావమరిది చెప్పింది వాళ్ళ రాష్ట్రానికి నిజమే, మనకి కాదు.

వాషింగ్టన్‌లో 49 లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్‌లు. ఒక్కో దాని నుంచి ఒక సెనేటర్, ఇద్దరు రిప్రజెంటేటివ్‌లు, అందుకే సెనేట్‌లో 49 మంది, హౌస్‌లో 98 మంది. డిస్ట్రిక్ట్‌ని ముక్కలు చెయ్యరు. పొజిషన్ 1, పొజిషన్ 2 రెండూ ఒకే ప్రాంతానికి, అక్కడి ఓటర్లందరికీ కలిపి. 2020 జనాభా లెక్క ప్రకారం ఒక్కో డిస్ట్రిక్ట్‌లో సుమారు 1,57,000 మంది. మీరు పొజిషన్ 1లో ఒకరికి, పొజిషన్ 2లో ఒకరికి వేస్తారు. రెండూ వేరు వేరు పోటీలు, ఒకదాని ఓట్లు ఇంకోదానిలో కలవవు. ఒకటి ఖాళీగా వదిలేసినా రెండోది చెల్లుతుంది.

1 అంటే పెద్ద పదవి, 2 అంటే చిన్నది అనుకునేవాళ్ళు మన ఫ్రెండ్స్‌లో చాలామంది ఉన్నారు. అలా ఏమీ లేదు, జీతం, అధికారం, రెండేళ్ళ కాలం అన్నీ సమానం. కాకపోతే మే నెలలో నామినేషన్ వేసేటప్పుడు ఏ పొజిషన్‌కి పోటీ చెయ్యాలో అభ్యర్థే ఎంచుకుంటారు, అసలు రాజకీయం అక్కడే మొదలవుతుంది. ఇప్పుడున్న ఇద్దరిలో ఒకరు గట్టివాళ్ళు, ఇంకొకరు రిటైర్ అవుతున్నారనుకోండి, కొత్తవాళ్ళంతా ఆ ఖాళీ పొజిషన్ మీదే పడతారు. మీ బ్యాలెట్‌లో ఒక దాంట్లో నలుగురు, ఇంకో దాంట్లో ఇద్దరు ఉండటానికి కారణం ఇలాంటిదే అయ్యుంటుంది.

పార్టీ "ఇష్టపడుతున్నారు" అన్నది మన టాప్ టూ ప్రైమరీ వల్ల వచ్చింది. 2004లో జనం ఓటేసి తెచ్చుకున్నారు, పార్టీలు కోర్టుకెళ్ళాయి, 2008లో సుప్రీంకోర్టు సరే అన్నాక ఆ ఏడాదే మొదటిసారి అమలైంది. ఇక్కడ ప్రైమరీలో పార్టీ టికెట్ ఉండదు. పార్టీ పేరు అభ్యర్థి రాసుకున్నదే తప్ప పార్టీ ఇచ్చింది కాదు. అందరి పేర్లూ ఒకే బ్యాలెట్‌లో, మీరు ఏ పార్టీ అని కూడా ఎవరూ అడగరు, మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు. ఆ ఇద్దరూ ఒకే పార్టీ కావచ్చు, సియాటిల్ డిస్ట్రిక్ట్‌లలో నవంబర్‌లో ఇద్దరు డెమొక్రాట్లే తలపడటం చాలాసార్లు జరిగింది. అలాంటి చోట్ల ఆగస్టులో వెయ్యకుండా నవంబర్‌లో చూద్దాంలే అంటే, మీకు నచ్చినవాళ్ళు అప్పటికే లిస్టులో ఉండరు.

సెనేటర్‌కి నాలుగేళ్ళు, రెండేళ్ళకోసారి దాదాపు సగం సీట్లకే ఎన్నిక. ఈసారి మీ డిస్ట్రిక్ట్ వంతు కాదు, అంతే. కంగారు పడకండి.

ఎడారిలో_ఏలూరు

మీ బావమరిది పక్షాన నేను మాట్లాడతాను, ఫీనిక్స్‌లో పదేళ్ళుగా ఉంటున్నా. అరిజోనాలో 30 డిస్ట్రిక్ట్‌లు, ఒక్కో దానికి ఒక సెనేటర్, ఇద్దరు రిప్రజెంటేటివ్‌లు, అందరికీ రెండేళ్ళే. ఇక్కడ పొజిషన్‌లు ఉండవు. హౌస్ అభ్యర్థులంతా ఒకే లిస్టులో ఉంటారు, ఇద్దరి వరకు వెయ్యొచ్చు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరు గెలుస్తారు. ముగ్గురికి వేస్తే ఆ పోటీలో ఓటు పోతుంది.

ఇద్దరి "వరకు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు ఓట్లూ వాడాలని రూల్ లేదు. 100 మంది ఓటర్లు, ఒక పార్టీ నుంచి ఇద్దరు, ఎదుటి పార్టీ నుంచి ఒక్కరే అనుకోండి. ఆ ఒక్కరికి 45 మంది వేసి రెండో ఓటు వదిలేస్తారు. మిగతా 55 మంది తమ ఇద్దరికీ వేస్తే 55, 55 వచ్చి ఇద్దరూ గెలుస్తారు. కానీ ఆ 55 మందిలో ఒక 12 మంది "నాకు మొదటాయన చాలు" అని ఒక్క ఓటుతో ఆగిపోయారా, రెండో అభ్యర్థి 43కి పడిపోతారు, 45 వచ్చిన అవతలి మనిషి సీటు పట్టుకుపోతారు. వాళ్ళకి కొత్తగా ఒక్క ఓటు కూడా పడలేదు, చూడండి! అందుకే బలం తక్కువగా ఉన్న డిస్ట్రిక్ట్‌లలో పార్టీలు కావాలనే ఒక్కరినే నిలబెట్టి "ఒక్క ఓటే వెయ్యండి, రెండోది వదిలెయ్యండి" అని ఇంటింటికీ తిరిగి చెప్తాయి. ఇది తెలియక నేను మొదటిసారి నాకు నచ్చిన మనిషికి వేసి, రెండోది ఖాళీగా ఉంటే బాగోదని పేరు చూసి ఎవరికో వేశాను, ఆ రెండో మనిషి నా మనిషి మీదే గెలిచారు. ఇప్పటికీ బాధేస్తుంది.

పార్వతీపురం_పెద్దబ్బాయి

ఇది అమెరికా వింత అనుకోకండి, మన దగ్గర కూడా ఉండేది. 1957లో మా పార్వతీపురం లోక్‌సభ స్థానం ద్విసభ్య నియోజకవర్గం, ఒకటి ఎస్టీ రిజర్వుడు, ఒకటి జనరల్, ఓటరుకి రెండు ఓట్లు. ముందు రిజర్వుడు సీటు నింపాలి, తర్వాత మిగిలినవాళ్ళలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకి జనరల్ సీటు. అలా లెక్కపెడితే రెండు సీట్లూ ఎస్టీ అభ్యర్థులకే వచ్చాయి, వి.వి.గిరి గారు ఓడిపోయారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1959లో అక్కడా గెలిచినవాళ్ళ ఎన్నికే నిలిచింది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలు తీసేశారు, గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యారు.

నేనుండేది న్యూజెర్సీ. మాకు 40 డిస్ట్రిక్ట్‌లు, ఒక్కో దానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ మెంబర్లు, అరిజోనాలాగే ఒకే లిస్టులో ఇద్దరికి వేస్తాం. ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి, ప్రెసిడెంట్ ఎన్నిక హడావిడి లేనప్పుడు, అందుకే మనవాళ్ళు చాలామంది మర్చిపోతారు. మన తెలుగాయన ఉపేంద్ర చివుకుల గారు 2001లో 17వ డిస్ట్రిక్ట్ నుంచి గెలిచింది అలాంటి ఎన్నికలోనే. అన్ని రాష్ట్రాలూ ఇలాగే ఉంటాయనుకోకండి, కాలిఫోర్నియాలో 80 అసెంబ్లీ, 40 సెనేట్ డిస్ట్రిక్ట్‌లు, ఒక్కో దానికి ఒక్కరే.

బెల్లింగ్‌హామ్_బుజ్జి

మా వాట్‌కమ్ కౌంటీలోని 42వ డిస్ట్రిక్ట్‌లో 2018 సెనేట్ ఎన్నిక 50 ఓట్ల లోపు తేడాతో తేలింది, రీకౌంట్ కూడా జరిగింది. నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అనేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

కొత్తఓటరు గారూ, అన్నిటికంటే ముఖ్యమైంది కవరు మీద సంతకం. దాన్ని మీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న సంతకంతో పోల్చి చూస్తారు, చాలామందికి అది డ్రైవింగ్ లైసెన్స్ కోసం పెట్టిందే. మా అమ్మ లైసెన్స్ మీద తెలుగులో పెట్టింది, బ్యాలెట్ కవరు మీద మాత్రం ఇంగ్లీషులో పెడితే మర్యాదగా ఉంటుందని నెమ్మదిగా కూడబలుక్కుని ఒక్కో అక్షరం రాసింది. వారం తర్వాత సంతకం కలవలేదని ఉత్తరం వచ్చింది. అమ్మ నేనేదో తప్పు చేశానని రెండు రోజులు సరిగ్గా భోజనం చెయ్యలేదు. ఉత్తరంతోపాటు వచ్చిన ఫారం మీద తెలుగులో సంతకం పెట్టి పంపితే ఓటు లెక్కలోకి తీసుకున్నారు. ఫలితాలు సర్టిఫై చేసే ముందు రోజు దాకా టైమ్ ఉంటుంది, ఉత్తరం వస్తే పక్కన పడెయ్యకండి.

పోస్టులో వేస్తే ఎన్నిక రోజుదో అంతకు ముందుదో తేదీ ముద్ర పడాలి, ఆఖరి రోజైతే రాత్రి 8 లోపు డ్రాప్ బాక్స్‌లో వెయ్యడం మేలు. స్టాంపు అక్కర్లేదు.

ఈస్ట్‌సైడ్_కొత్తఓటరు

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బావమరిదికి ఫోన్ చేసి ఆ 45, 43 లెక్క చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు బావా" అన్నాడు. పొజిషన్ 1లో ఉన్న నలుగురి గురించి ఓటర్ల పుస్తకంలో చదివి నేను ఒకరిని, మా ఆవిడ వేరొకరిని ఎంచుకున్నాం, అరగంట వాదించుకున్నా ఎవరూ మారలేదు. పొజిషన్ 2కి ఇంకా చదవాలి. బుజ్జి గారు చెప్పాక ఇద్దరం లైసెన్సులు తీసి చూసుకున్నాం. మా ఆవిడ లైసెన్స్ మీద పెళ్ళికి ముందు ఇంటిపేరుతో పొట్టి సంతకం ఉంది, ఇప్పుడు పెట్టేది వేరు. ఒక కాగితం మీద ఆ పాత సంతకం పది సార్లు రాసి చూసుకుంటోంది. ఆదివారం లైబ్రరీ దగ్గర డ్రాప్ బాక్స్‌లో వేసేస్తాం, పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నాం.

రెయినీర్_రావు

చాలా సంతోషం. పొజిషన్ 2 వాళ్ళ గురించి చదివేటప్పుడు ఇప్పుడున్న సభ్యులు ఏ బిల్లుకి ఎలా ఓటేశారో లెజిస్లేచర్ సైట్‌లో చూడండి, అన్నీ ఉంటాయి. జనవరిలో సెషన్ మొదలయ్యాక కమిటీకి వచ్చే బిల్లుల మీద మీరు అనుకూలమో వ్యతిరేకమో ఇంట్లోంచే నమోదు చెయ్యొచ్చు. మీ సెనేటర్‌కి, ఇద్దరు రిప్రజెంటేటివ్‌లకి, ముగ్గురికీ ఈమెయిల్ రాయండి, ఒకరు పట్టించుకోకపోయినా ఇంకొకరి ఆఫీసు నుంచి జవాబు వస్తుంది, మా స్కూల్ బస్సు విషయంలో నాకు జవాబిచ్చింది పొజిషన్ 2 ఆవిడే.