కాన్పు తర్వాత దగ్గితే, తుమ్మితే మూత్రం పడుతుంటే...

బుజ్జిఅమ్మ: కాన్పయి మూడు నెలలు దాటినా దగ్గితే చుక్కలు పడుతుంటే కీగెల్ (మూత్రాన్ని ఆపే కింది కండలను బిగించే వ్యాయామం) ఎలా చేయాలి? పొట్ట బెల్టు వాడొచ్చా? డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్లాలి?

వెన్నెల: గ్యాస్ ఆపుకున్నప్పుడు బిగిసేదే ఆ కండ. దాన్ని లోపలికి, పైకి లాగాలి. 10 సెకన్ల దాకా పట్టి, మళ్లీ అంతసేపు వదులుగా ఉంచాలి. మొదట్లో 3 సెకన్లే నిలిస్తే అంతే చాలు. విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. రెండు వారాలు చేసి మానేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

గోదారి: అంత లెక్క ఎందుకండీ? మూత్రం పోస్తూ మధ్యలో ఆపండి. రోజూ అదే వ్యాయామం.

ఫిజియోఅక్క: దయచేసి అలా చెప్పకండి! మూత్రం పోసేటప్పుడు మూత్రాశయం ముడుచుకోవాలి, కింది కండలు వదులవ్వాలి. రోజూ మధ్యలో బిగిస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు, మిగిలిన మూత్రంతో ఇన్ఫెక్షన్ రావచ్చు.

గోదారి: కండ ఏదో తెలియాలి కదా! ఒక్కసారి ఆపితే కొంప మునుగుతుందా?

ఫిజియోఅక్క: ఒక్కసారి గుర్తుపట్టడానికైతే సరే. మీరు రాసింది "రోజూ" అని. నేను రోజూ నేర్పించేది ఇదే, అందుకే గట్టిగా చెప్తున్నా. చాలామంది పిరుదులు, తొడలు బిగిస్తారు, ఊపిరి బిగబడతారు, పైకి లాగాల్సింది కిందికి ముక్కుతారు. ముక్కితే కారడం ఇంకా పెరుగుతుంది.

వెన్నెల: దగ్గు, తుమ్ము వచ్చే ముందు క్షణం బిగించి, అది అయ్యేదాకా వదలకూడదు. ఇది అలవాటైతే చాలా తేడా కనిపిస్తుంది. బిడ్డను ఎత్తేటప్పుడు కూడా ముందు బిగించి, ఊపిరి వదులుతూ లేవాలి.

నిద్రలేమి: అందరూ దగ్గు గురించే. బాత్రూమ్ తలుపు దాకా వెళ్లేలోపే మూత్రం పడిపోయేవాళ్ల సంగతి? అది వేరే రకం. మూడు రోజులు డైరీ రాయాలి: ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు పడింది. గంటకోసారి వెళ్తుంటే గంటా పావుకు, అలవాటయ్యాక గంటన్నరకు జరపాలి. కనీసం 6 వారాలు పడుతుంది. కాఫీ, టీ తగ్గించండి.

గోదారి: నీళ్లు తగ్గిస్తే సరిపోదా?

నిద్రలేమి: అసలొద్దు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా మండిస్తుంది. పైగా పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

సిరి: మలబద్ధకం మాట ఎవరూ ఎత్తరేం? రోజూ ముక్కితే ఎంత కీగెల్ చేసినా వృథా. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుము కన్నా పైకి ఉండేలా ముందుకు వంగండి.

బుజ్జిఅమ్మ: బెల్టు సంగతి చెప్పలేదు.

ఫిజియోఅక్క: బిగుతుగా కడితే పొట్టలోని ఒత్తిడి కిందికే దిగుతుంది. బెల్టుతో కింది కండలకు బలం రాదు. కీగెల్ 3 నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. మంట, జ్వరం, రక్తం, మూత్రం అసలు రాకపోవడం, లేదా దగ్గకపోయినా రాత్రీపగలూ ఆగకుండా కారడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. కష్టమైన కాన్పు తర్వాత అలా కారుతుంటే లోపల రంధ్రం పడి ఉండొచ్చు.

సిరి: అందాకా నెలసరి ప్యాడ్లు కాదు, మూత్రం కోసం చేసినవే వాడండి. మూత్రం ఒక్కసారిగా పడుతుంది, నెలసరి ప్యాడ్ అంత వేగంగా పీల్చలేక చర్మం ఒరుసుకుపోతుంది.