అప్‌డేట్: పార్లమెంటు, చట్టాల గురించి పుస్తకాలు అడిగాను కదా

గ్రూప్స్ ప్రిపరేషన్ కోసం కాదు, బిల్లు చట్టం ఎలా అవుతుందో అర్థం కావాలి, ఏం చదవాలి అని అడిగాను కదా. చాలామంది లక్ష్మీకాంత్ రాసిన 'ఇండియన్ పాలిటీ' అన్నారు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత కాపీ దొరికింది, ఎవరో రాజ్యాంగం 110వ అధికరణం దగ్గర పేజీ నిండా పెన్సిల్ గీతలు గీసేశారు, ఆ పుణ్యాత్ముడి దయవల్ల ముందు అదే చదివాను. ఒక బిల్లు ద్రవ్య బిల్లా (అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి వాటికే సంబంధించిందా) కాదా అన్నది స్పీకర్ తేలుస్తారు, రాజ్యసభ దాన్ని 14 రోజుల్లో తిప్పి పంపాలి, సవరణలు సూచించవచ్చు గానీ ఒప్పుకోవాలా వద్దా అన్నది లోక్‌సభ ఇష్టం. మామూలు బిల్లు మీద రెండు సభలకూ కుదరనప్పుడు పెట్టే ఉభయ సభల సంయుక్త సమావేశంలో బిల్లు పాసైంది ఇప్పటిదాకా మూడే మూడు సార్లట: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో పోటా (ఉగ్రవాద నిరోధక చట్టం).

కానీ నిజం చెప్పాలంటే అది పరీక్షల పుస్తకమే, పాయింట్లు పాయింట్లుగా ఉంటుంది, కథలా చదువుదామంటే కుదరదు. నాకు బాగా నచ్చింది సుభాష్ కాశ్యప్ 'అవర్ పార్లమెంట్', నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లది. ఆయన లోక్‌సభ సెక్రటరీ జనరల్‌గా చేసిన మనిషి, సభ లోపల పని ఎలా నడుస్తుందో తెలిసే రాశారు. డౌటొస్తే లోక్‌సభ సైట్‌లో నియమావళి ఫ్రీగానే ఉంది, కొత్త బిల్లులకైతే, బిల్లులను విశ్లేషించే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ల సారాంశాలు చాలు.

పార్లమెంటు పద్ధతుల మీద కౌల్, శక్ధర్ రాసిన పుస్తకం చెప్పిన అన్నయ్యా, అది రిఫరెన్స్‌కే గానీ చదవడానికి కాదండీ బాబూ, లైబ్రరీలో ఎత్తేసరికే చెయ్యి నొప్పి పుట్టింది! బిల్లులను వివరంగా పరిశీలించే పార్లమెంటు స్టాండింగ్ కమిటీల మీద తెలుగులో ఏమన్నా ఉంటే మాత్రం చెప్పండి.