నానోలో పీహెచ్‌డీయా, మెటల్ ప్రింటింగ్‌లో ఉద్యోగమా?

వరంగల్_కుర్రాడు:
ఎంటెక్ మెటీరియల్స్ చివరి సెమిస్టర్. గ్రాఫీన్-ఎపాక్సీ కాంపోజిట్ల (జిగురులాంటి ఎపాక్సీ రెజిన్‌లో నానో కార్బన్ రేకులు కలిపిన మెటీరియల్) మీద పీహెచ్‌డీ సీటు వచ్చింది. హైదరాబాద్‌లో మెటల్ త్రీడీ ప్రింటింగ్ కంపెనీలో ట్రైనీ ఉద్యోగం కూడా వచ్చింది. నానో పని అయిపోయిందంటున్నారు సీనియర్లు. ముందు ఉద్యోగంలో చేరమంటున్నారు నాన్న. ఒకదాంట్లో చేరితే రెండోది ఇక మర్చిపోవాల్సిందేనా? టెన్షన్‌గా ఉంది.

టైటానియం_అక్క:
తమ్ముడూ, నేను నానో, కార్బన్ ఫైబర్, మెటల్ ప్రింటింగ్ మూడూ చేశాను, ఏదీ అనుకుని చేసింది కాదు. పీహెచ్‌డీ కార్బన్ నానోట్యూబుల (కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు) మీద. ఎపాక్సీలో చిటికెడు కలిపితే చాలు, ఎక్కడికో వెళ్లిపోతామనుకునేవాళ్లం. కలిపి చూస్తే తెలిసింది. మరిగే నీళ్లలో రవ్వ ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉప్మా ఏమవుతుందో అదే అయింది. ఉండలు! సోనికేటర్ (శబ్ద తరంగాలతో కలిపే మెషిన్) ఎక్కువసేపు తిప్పితే విడతాయి, కానీ ట్యూబులే ముక్కలవుతాయి. మోతాదు పెంచితే రెజిన్ చిక్కబడి గాలిబుడగలు బయటికి రావు. రెండేళ్లు ఆ ఉండలతోనే సరిపోయింది.

తర్వాత కార్బన్ ఫైబర్. ప్రీప్రెగ్ (ముందే రెజిన్ పట్టించిన ఫైబర్ గుడ్డ) రోల్ మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. ఒకరోజు తొందరపడి కోసేశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసాలా చెమ్మ పట్టింది. తుడిచేసి, ఏం కాదులే అని పొరలు పరిచేశాను. వేడి, ఒత్తిడి పెట్టే ఆటోక్లేవ్‌లోంచి వచ్చిన ప్యానెల్ నిగనిగలాడుతోంది. కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే పొరల మధ్య నల్లగా వాయిడ్లు, అంటే ఖాళీ గుంతలు. మా బాస్ ఒక్క మాట అనలేదు. ఆ ముక్క నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పటి ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ప్రింటింగ్ గురించి అడుగుతారని చదువుకుని వెళ్లాను. అరగంట ఆ ముక్క గురించే అడిగారు. ఇక్కడా నా పని అదేగా! 15 నుంచి 45 మైక్రాన్ల టైటానియం పౌడర్‌ని ఆర్గాన్‌లో లేజర్‌తో కరిగిస్తాం, కోసి వాయిడ్లు వెతుకుతాం. మిగిలిన పౌడర్ జల్లెడ పట్టి మళ్లీ వాడుతుంటే ఆక్సిజన్ ఎక్కుతూ పోతుంది. గ్రేడ్ 23 రకం టైటానియంలో 0.13 శాతం దాటిందా, ఆ పౌడర్ పక్కన పెట్టాల్సిందే.

నానో అయిపోయిందన్నవాళ్లకి ఒకటి చెప్పు. 7075 అనే అల్యూమినియం మిశ్రలోహం ప్రింట్ చేస్తే పగుళ్లిచ్చేది. 2017లో అమెరికాలోని హెచ్‌ఆర్‌ఎల్ రీసెర్చ్ ల్యాబ్ వాళ్లు ఆ పౌడర్‌కి జిర్కోనియం నానో రేణువులు అద్ది పగుళ్లు లేకుండా తీశారు.

సపోర్ట్_కటర్:
అక్క చెప్పింది బాగుంది కానీ, చేరేముందు పని ఏమిటో అడుగు. పాత కంపెనీలో నాది పేరుకి ప్రాసెస్ ఇంజనీర్ పోస్టు. ఏడాదిన్నర కటింగ్ ప్లయర్‌తో సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు భాగాన్ని నిలబెట్టే పుల్లలు) పీకాను. పౌడర్ టెస్టింగ్, సీటీ స్కాన్ వాళ్ల దగ్గరే ఉన్నాయా, బయటికి పంపిస్తారా కనుక్కో.

వరంగల్_కుర్రాడు:
థాంక్స్ అక్కా, అన్నా. హెచ్‌ఆర్‌కి తెలియదట, ప్లాంట్‌లో ఒకాయన నంబర్ ఇచ్చారు. పీహెచ్‌డీ ల్యాబ్‌లో ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) స్లాట్ నెలకోసారేనట.

టైటానియం_అక్క:
నెలకోసారా! ముందు ఆ ప్లాంట్ ఆయనకి ఫోన్ చెయ్యి.