మార్గరెట్ పెగ్గీ ఎలా అయింది?

ప్రశ్న: ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. అందులో ఒకే అమ్మాయిని బడిలో మార్గరెట్ అంటారు, ఇంట్లో పెగ్గీ అంటారు. ‘మ’తో మొదలయ్యే పేరుకు ‘ప’తో ముద్దుపేరు ఎలా వచ్చింది? అసలు ఆ పేరుకు అర్థం ఉందా? చదివేవాళ్లు తికమకపడకుండా ఎలా రాయమంటారు?

జవాబు: అర్థం ఉందండీ, ముత్యం. గ్రీకులో ముత్యాన్ని మార్గరితేస్ అనేవారు. అదే లాటిన్‌లో మార్గరితా అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో, ఉన్నదంతా అమ్మి ఒక్క ముత్యం కొనుక్కున్న వర్తకుడి ఉపమానం ఉంది కదా, గ్రీకు మూలంలో అక్కడున్నది ఈ మాటే. పేరు జనంలోకి వెళ్లింది మాత్రం అంతియొకయ మార్గరెట్ అనే పునీతురాలి వల్ల. కాన్పు సుఖంగా జరగాలని మధ్యయుగపు ఆడవాళ్లు ఆమెకు మొక్కుకునేవారు.

ఇక పెగ్గీ సంగతి. మార్గరెట్‌ను కుదిస్తే మ్యాగ్, మెగ్ వస్తాయి. ఆ మెగ్‌లో మొదటి హల్లు తీసేసి ఇంకోటి పెడితే పెగ్, గారాబంగా పిలిస్తే పెగ్గీ. మనం ‘పెన్నూ గిన్నూ’ అనేటప్పుడు చేసేది దాదాపు ఇదే, మొదటి అక్షరం మారుతుంది, మిగతాది అలాగే ఉంటుంది. కాకపోతే ఇంగ్లీషువాళ్లు అలా పుట్టిన రెండో మాటనే పేరుగా నిలబెట్టుకున్నారు. విలియం విల్ అయి బిల్ అయ్యాడు, రాబర్ట్ రాబ్ అయి బాబ్ అయ్యాడు, మేరీ మోలీ అయి పోలీ అయింది. బ్రిటిష్ నటి పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ పూర్తి పేరు ఈడిత్ మార్గరెట్ ఎమిలీ యాష్‌క్రాఫ్ట్.

నాకు ఇంతకంటే ఇష్టమైనది డైజీ. అదీ మార్గరెట్‌కు ముద్దుపేరే! ఒక్క అక్షరం కూడా సరిగా కలవదు. ఫ్రెంచిలో మార్గెరిట్ అంటే ఆడపిల్ల పేరు, డైజీ పువ్వు కూడా. ఆ శ్లేషను పట్టుకుని ఇంగ్లీషు ఇళ్లలో మార్గరెట్‌లను పువ్వు పేరుతో పిలవడం మొదలైంది. విక్టోరియా రాణి మనవరాలు, 1882లో పుట్టిన మార్గరెట్, స్వీడన్ యువరాజును పెళ్లాడింది. ఆమెను ఇంట్లో డైజీ అనేవారు. ఆమెకు స్వయానా మనవరాలే 2024 దాకా డెన్మార్క్‌ను ఏలిన రాణి రెండో మార్‌గ్రెథె. ఈ రాణికి ఆ పేరూ, డైజీ అనే పిలుపూ ఆ అమ్మమ్మ నుంచే వచ్చాయి.

మీ అనువాదంలో మొదటిసారి ‘ఇంట్లో అందరూ పెగ్గీ అని పిలిచే మార్గరెట్’ అని ఒక్క వాక్యం కలిపేయండి, చాలు. ఫుట్‌నోట్ అక్కర్లేదు. ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో అదే ఉంచండి. అమ్మ కోపంగా ఉన్నప్పుడు పెగ్గీ అనకుండా ‘మార్గరెట్!’ అని పూర్తి పేరుతో గద్దించిందంటే ఆ తేడా కథకు కావాలి. రెండింటినీ ఒకటి చేసేస్తే అది పోతుంది.

ప్రశ్న: అర్థం ముత్యమే అయినప్పుడు ముత్యాలమ్మ అనో ముత్యం అనో పెడితే మనవాళ్లకు దగ్గరగా ఉండదా, మాస్టారూ?

జవాబు: వద్దమ్మా. ముత్యాలమ్మ అనగానే మనకు ఊరి దేవత, జాతర, వేపమండలు కళ్ల ముందుకొస్తాయి. ఆ అమ్మాయి లండన్‌లో ఉన్నా మన ఊరి పొలిమేరలోకి వచ్చేస్తుంది. పైగా కూతురికి మార్గరెట్ అని పెట్టుకునే ఇంగ్లీషు తల్లి ముత్యం గురించి ఆలోచించడం అరుదు. వాళ్ల నాయనమ్మ పేరనో, పునీతురాలి పేరనో పెట్టుకుంటుంది. పలకడం మాట కూడా చెప్తాను. ఇంగ్లీషువాళ్లు మధ్యలో ‘గ’ను నొక్కరు, దాదాపు మాగ్రెట్ అన్నట్టే వినిపిస్తుంది. కానీ తెలుగులో మార్గరెట్ ఎప్పుడో స్థిరపడింది, దాన్నే రాయండి.

ప్రశ్న: మదనపల్లె మార్గరెట్ కజిన్స్‌ను గ్రెటా అని రాసినట్టు చూశాను. ఆమేనా?

జవాబు: ఆమేనండి. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసిన ఐరిష్ ఆవిడ. గ్రెటా కూడా మార్గరెట్‌లోంచి వచ్చిందే, ఈసారి ముందు భాగం వదిలేసి చివరి ‘గరెట్’ను పట్టుకున్నారు. జర్మన్‌లో గ్రేటె, గ్రెట్‌హెన్ కూడా ఇలా వచ్చినవే. రీటా అయితే ఇటాలియన్, స్పానిష్ రూపాల తోక.