ఎంటెక్ ల్యాబ్‌లో బ్యాచ్‌లు లెర్నింగ్ స్టైల్ టెస్ట్ చూసి వేయొచ్చా?

ఎంబెడెడ్_మేడమ్:
ఎంటెక్ ఫస్టియర్ ఎంబెడెడ్ ల్యాబ్ చూస్తుంటాను. ఇద్దరికి ఒక కిట్. ఏ బ్యాచ్ చూసినా ఒకరు కీబోర్డు వదలరు, రెండోవాళ్లు రికార్డు రాస్తూ కూర్చుంటారు. మొన్న ఒక ఐ2సీ సెన్సర్ (రెండు వైర్ల మీద బోర్డుకు డేటా పంపేది) రీడింగ్ ఇవ్వలేదు. అబ్బాయి కోడ్ మార్చడం, బోర్డులోకి ఎక్కించడం, మళ్లీ మార్చడం. పక్కనున్న అమ్మాయి డేటాషీట్ తిరగేసి "పుల్‌అప్‌లు పెట్టలేదేమో" అని మెల్లిగా అంది, అంటే లైన్ వోల్టేజ్‌ను పైకి లాగే రెసిస్టర్లు. వింటేగా! చివరికి వోల్టేజ్ చూడ్డానికి స్కోప్ పెట్టించాను. ఎస్‌డీఏ అనే డేటా లైన్ పైకి లేవడమే లేదు. రెండు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు తగిలించగానే రీడింగ్ వచ్చేసింది. మా హెచ్‌ఓడీ గారేమో ఎవరు ఏ పద్ధతిలో బాగా నేర్చుకుంటారో చెప్పే లెర్నింగ్ స్టైల్ టెస్ట్ పెట్టి, ఒకే రకం వాళ్లను ఒక బ్యాచ్‌లో వేయమంటున్నారు. ఎవరైనా చేసి చూశారా?

పాత_లెక్చరర్:
అది ఫెల్డర్ టెస్ట్ అయ్యుంటుంది మేడమ్. 44 ప్రశ్నలు, నాలుగు జతలు (చేసి నేర్చుకుంటారా, ఆలోచించి నేర్చుకుంటారా లాంటివి), జతకు 11 చొప్పున. దాని వెనకున్న 1988 నాటి ఫెల్డర్, సిల్వర్‌మన్ వ్యాసం ఇంజనీరింగ్ చదువుల గురించే. కానీ అన్ని రకాల వాళ్లకూ అందేలా పాఠం చెప్పమన్నారే తప్ప, పిల్లల్ని విడగొట్టమనలేదు. స్టైల్‌కు తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో పాష్లర్ బృందం తేల్చింది కూడా. సరదాగా పెట్టండి, బ్యాచ్‌లకు మాత్రం వద్దు.

రికార్డు_బాపతు:
ఆ రాసేవాళ్లలో నేనూ ఒకడిని మేడమ్. స్వభావమూ కాదు, పాడూ కాదు. బీటెక్‌లో కిట్ చుట్టూ గుంపు, ముందున్నవాళ్లు చేస్తే మేం రీడింగులు దించుకునేవాళ్లం. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుందే ఎంటెక్‌కి వచ్చాక. బోర్డు కాలితే డబ్బులు కట్టమంటారన్న టెన్షన్ ఒకటి. చేయి తిరగనివాడు పెన్ను పట్టుకోక ఏం చేస్తాడు?

ఎంబెడెడ్_మేడమ్:
ఇది నాకు తట్టలేదు బాబూ. అయితే సగం టైమ్ కాగానే సీట్లు మార్పిస్తే?

ఫర్మ్‌వేర్_అన్న:
సగంలో వద్దండీ, బగ్ దొరికే వేళకు చేయి మారిపోతుంది. ప్రయోగానికి ఒకసారి మార్చండి. ఇంకో రూల్ కూడా పెట్టండి: కీబోర్డు పట్టినవాళ్లు పక్కవాళ్లు చెప్పిందే టైప్ చేయాలి. మా టీమ్‌లో కొత్తవాళ్లకు ఇదే పద్ధతి. అప్పుడు ఆ అమ్మాయి మాట వినక చస్తాడా? స్పేర్ బోర్డులు కూడా దగ్గరుంచుకోండి. కాలితే కాలనివ్వండి.

ఎంబెడెడ్_మేడమ్:
రేపే స్టోర్స్‌కు ఇండెంట్ పెడతాను. హెచ్‌ఓడీ గారికి ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు సమస్య. ఆయన టెస్ట్ పేపర్లు జిరాక్స్ కూడా తీయించేశారు.