చైనీస్ మాట్లాడేవాళ్లకు ‘ఐదర్’ నేర్పడం: ‘బోత్’ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

బలపం (ప్రశ్న)

మాండరిన్ (చైనీస్‌లో ప్రధాన రూపం) మాతృభాషగా ఉన్న ఉద్యోగస్తులకు ఆన్‌లైన్లో ఇంగ్లీష్ చెబుతున్నాను. కొందరు చైనాలోని చెంగ్డూ వాళ్లు, కొందరు తైవాన్ వాళ్లు. ‘ఐదర్... ఆర్’ ఖాళీలు పూరించమంటే తడుముకోకుండా పూరిస్తారు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మాట నోట రాదు. ‘టీ ఆర్ కాఫీ?’ అంటే ‘బోత్ ఆర్ ఓకే’ అంటారు. ‘ఐ డోంట్ నో బోత్ ఆఫ్ దెమ్’, ‘ఐ ఆల్సో డోంట్ లైక్ ఇట్’, అప్పుడప్పుడూ ‘ఐ ఐదర్ డోంట్ లైక్ ఇట్’ కూడా వింటున్నాను. రాతలో అయితే ‘ఐదర్ బుక్స్’, ‘ఐదర్ ఆఫ్ ద బుక్’, ‘ఐ డోంట్ నో ఐదర్ హి విల్ కమ్ ఆర్ నాట్’. సరిదిద్దితే ఆ పూటకు సరే, మళ్లీ మామూలే. వీటన్నిటికీ మూలం ఒకటేనా, వేరువేరా? ఏది ముందు చెప్పాలి? చైనీస్ తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

తైపే_తెలుగు

వేరువేరండీ. ఒకే పాఠంలో అన్నీ కలిపి చెబితే అందుకే నిలవడం లేదు.

‘బోత్ ఆర్ ఓకే’ సంగతి ముందు చూద్దాం. చైనీస్‌లో ఆ సందర్భంలో అనేది ‘దోవ్ ఖయి’. ‘దోవ్’ అంటే రెండూ, అన్నీ. రెండింటిలో ఏది ఇచ్చినా సరే అన్న అర్థం కూడా ఆ ఒక్క ‘దోవ్’లోనే ఇమిడిపోతుంది. దాన్నే ఇంగ్లీష్‌లోకి దించితే ‘బోత్’ వస్తుంది, టీ, కాఫీ రెండు కప్పులూ తెచ్చి ముందు పెట్టే ప్రమాదం ఉంటుంది. అలాగని ‘బోత్’ తప్పని ముద్ర వేయకండి. మీటింగ్‌కు సోమవారమా, మంగళవారమా అన్నప్పుడు ‘బోత్ వర్క్ ఫర్ మి’ అంటే ఎవరూ పొరబడరు, రెండు రోజులూ ఒకే మీటింగ్ పెట్టరు కాబట్టి. వస్తువు చేతికిచ్చే చోట, వడ్డించే చోట మాత్రమే తేడా కొడుతుంది. ఆ గీత చూపిస్తేనే పెద్దవాళ్లకు ఎక్కుతుంది.

రెండోది ‘డోంట్... బోత్’. చైనీస్‌లో ‘బు’ అంటే ‘కాదు’. ‘దోవ్ బు’ అంటే ఏదీ కాదు, ‘బు దోవ్’ అంటే అన్నీ కాదు, కొన్నే. పదాల వరస మారితే అర్థం మారిపోతుంది. ఇద్దరూ తెలియదనడానికి వాళ్లు ‘దోవ్ బు’ అంటారు. ఇంగ్లీష్‌లో ‘ఐ డోంట్ నో బోత్ ఆఫ్ దెమ్’ అంటే ఒకరు తెలుసు, ఇంకొకరు తెలియదనే అర్థం కూడా తీయొచ్చు. అందుకని ఒక్క సూత్రం పెట్టండి: క్రియకు ‘నాట్’ తగిలితే ‘బోత్’ను తీసి ‘ఐదర్’ పెట్టాలి. వాక్యం మొదట్లోనే రెండింటినీ కాదనాలంటే ‘నైదర్’. ‘బోత్ ఆఫ్ దెమ్ ఆర్ నాట్ హియర్’ అన్నదాన్ని ‘నైదర్ ఆఫ్ దెమ్ ఈజ్ హియర్’గా మార్చే అభ్యాసం ఎనిమిది పది వాక్యాలతో చాలు. ‘ఐదర్ ఆఫ్ దెమ్ ఈజ్ నాట్ హియర్’ అని రాస్తే మాత్రం వెంటనే ఆపండి. వాక్యానికి మొదట ‘ఐదర్’, తర్వాత ‘నాట్’ వచ్చే ఆ నిర్మాణం వాళ్లు అనుకున్న అర్థం ఇవ్వదు.

మూడోది ‘యే’, అంటే మన ‘కూడా’. అది కర్త పక్కనే, ‘బు’ కన్నా ముందు కూర్చుంటుంది: ‘వో యే బు షీహ్వాన్’ (నాకు కూడా నచ్చదు). దాని చోటులోనే ‘ఐదర్’ను కూర్చోబెట్టడం వల్ల ‘ఐ ఐదర్ డోంట్ లైక్ ఇట్’ పుడుతోంది. మాట దొరికింది, చోటు దొరకలేదు. ‘నాట్’ ముందు, ‘ఐదర్’ చివర అని బోర్డు మీద రాసి ఉంచండి. నిజానికి ఇక్కడ మనవాళ్లూ తక్కువేం తినలేదు. ‘నేను కూడా వెళ్లలేదు’ అని తెలుగులో అనుకుని ‘ఐ ఆల్సో డిడ్‌న్ట్ గో’ అనేవాళ్లు మన ఆఫీసుల నిండా ఉన్నారు. చెప్పేవాళ్ల నోట ముందు సరిగా ఉండాలి.

ఇక ‘ఐదర్ బుక్స్’. చైనీస్‌లో నామవాచకానికి బహువచన ప్రత్యయం దాదాపు ఉండదు, ‘రెండు పుస్తకం’ అన్నట్టే అంటారు. ఇంగ్లీష్‌లో ‘ఐదర్’ పక్కనే నామవాచకం వస్తే ఏకవచనం: ‘ఐదర్ బుక్’. మధ్యలో ‘ఆఫ్’ దూరితే బహువచనం, దాని ముందు ‘ద’, ‘మై’, ‘దీజ్’ లాంటిదొకటి తప్పనిసరి: ‘ఐదర్ ఆఫ్ ద బుక్స్’. ‘ఐదర్ ఆఫ్ బుక్స్’ చెల్లదు. ‘ఆఫ్’ ఉందా లేదా అన్నది చూసుకుంటే సగం తప్పులు పోతాయి.

నుడికారం

తైపే గారు ‘ఐదర్ హి విల్ కమ్’ వదిలేశారు, అదే నాకు అసలు ఆసక్తి. ఇంగ్లీష్‌లో ‘ఆర్’ ఒక్కటే ఉన్నచోట చైనీస్‌లో రెండు మాటలున్నాయి. ప్రశ్నలో తేల్చమన్నప్పుడు ‘హైషి’, మామూలు వాక్యంలో ‘హ్వోజ’. తెలుగువాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది: ‘టీనా, కాఫీనా?’ అన్నచోట ‘హైషి’, ‘టీ గానీ కాఫీ గానీ’ అన్నచోట ‘హ్వోజ’. ‘హ్వోజ’ పెట్టి వాక్యం చివర ప్రశ్న గుర్తుగా వచ్చే ‘మా’ చేరిస్తే ‘టీ గానీ కాఫీ గానీ తాగుతారా?’ అవుతుంది, దానికి జవాబు అవును, కాదు. ఇంగ్లీష్‌లో ఈ రెండు ప్రశ్నలకూ పదాలు ఒకటే. స్వరమే తేడా చూపిస్తుంది. ‘టీ’ దగ్గర లేచి ‘కాఫీ’ దగ్గర దిగితే ఏదో ఒకటి తేల్చమని, చివరి దాకా లేస్తూనే పోతే ఏమైనా తాగుతారా అని. దీన్ని వినిపించి అలవాటు చేయకపోతే ‘టీ ఆర్ కాఫీ?’ అన్నదానికి ‘యెస్’ అంటారు.

వాళ్లు వస్తాడో రాడో అనేటప్పుడూ ‘లై హైషి బు లై’ అనే అంటారు. ఆ లోపలి ‘హైషి’కి ఇంగ్లీష్‌లో ‘వెదర్’ కావాలి. తెలుగులో ‘ఓ... ఓ’ వచ్చేచోట ‘వెదర్’, ‘గానీ... గానీ’ వచ్చేచోట ‘ఐదర్’ అని మీరు మనసులో పెట్టుకోండి, విద్యార్థికి మాత్రం ‘హైషి’, ‘హ్వోజ’ పేర్లతోనే చెప్పండి. ‘నో’, ‘ఆస్క్’, ‘డిసైడ్’, ‘వండర్’ తర్వాత ‘ఐదర్’ కనిపిస్తే అనుమానించమనండి. ‘ఐ డోంట్ నో ఐదర్ ఆఫ్ దెమ్’ లాంటివి సరైనవే, కానీ ‘ఐదర్’ తర్వాత కర్త, క్రియతో పూర్తి వాక్యం వచ్చి చివర ‘ఆర్ నాట్’ ఉంటే అక్కడ ‘వెదర్’ పెట్టి తీరాలి.

ఇంకోటి. చైనీస్‌లో ‘ఐదర్... ఆర్’కు సరిపోయే జంట పదం ‘యావ్‌మ... యావ్‌మ’, రెండుసార్లూ ఒకటే. దానివల్ల మొదట్లో ‘ఐదర్... ఐదర్’ వస్తుంది. ఇది తొందరగానే పోతుంది, దీనికోసం క్లాసు వృథా చేయొద్దు. పోనిది ‘ఐ విల్ ఐదర్ టేక్ ద బస్ ఆర్ బై ట్రెయిన్’. ‘ఐదర్’ తర్వాత క్రియ ఉంటే ‘ఆర్’ తర్వాతా క్రియే ఉండాలి. రెండు పదాల కిందా గీత గీయించి, పక్కనున్న మాటలు ఒకే జాతివా కాదా చూడమంటే చాలు.

బలపం

‘హైషి’ కోణం నాకు తట్టలేదండీ, ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. ‘ట్రీస్ ఆన్ ఐదర్ సైడ్ ఆఫ్ ద రోడ్’ అంటే ఒకవైపే చెట్లున్న బొమ్మ గీశారు! తైవాన్ వాళ్లు టోయిక్ (ఉద్యోగాలకు అడిగే ఇంగ్లీష్ పరీక్ష) రాస్తున్నారు, దానికి ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా?

సవర్ణదీర్ఘం

బొమ్మ తప్పు వాళ్లది కాదు. ‘ఐదర్’ అంటే ‘రెండింటిలో ఒకటి’ అని ఒక్క అర్థమే బట్టీపడితే అలాగే గీస్తారు. ‘సైడ్’, ‘ఎండ్’, ‘హ్యాండ్’ లాంటి సహజ జంటల ముందు ‘ఐదర్’ అంటే ‘ఇటూ అటూ’ అని వస్తుంది. ‘పార్క్ ఆన్ ఐదర్ సైడ్’ అంటే మాత్రం ఎటైనా ఒకవైపు ఆపుకోవచ్చని. చెట్లు ఉన్నాయన్నది ఉన్న స్థితి, ఆపుకో అన్నది ఎంపిక. విని అర్థం చేసుకుంటే చాలు, తాము రాసేటప్పుడు ‘బోత్ సైడ్స్’ వాడమనండి, ఎవరికీ అనుమానం రాదు.

టోయిక్ ఐదో భాగంలో 30 ఖాళీ వాక్యాలుంటాయి. అలాంటిచోట ఖాళీ చూడకముందే ముందుకెళ్లి ‘ఆర్’ ఉందా, ‘నార్’ ఉందా, ‘అండ్’ ఉందా వెతకాలి. వరసగా ‘ఐదర్’, ‘నైదర్’, ‘బోత్’. మూడూ లేక ‘ఆఫ్ ద టూ’ కనిపిస్తే పక్కనున్న క్రియ చూడాలి: ‘ఈజ్’ అయితే ‘బోత్’ పోయినట్టే. ‘త్రీ’ కనిపిస్తే ‘ఐదర్ ఆఫ్’ కొట్టేసి ‘ఎనీ ఆఫ్’. ‘ఐదర్ ద మేనేజర్ ఆర్ ద క్లర్క్స్ ఆర్’ లాంటి వాటిలో క్రియ దగ్గరి కర్తను బట్టి ఉంటుంది. చైనీస్ వ్యాకరణ పాఠాల్లో దీన్ని ‘జ్యూజిన్ యువెన్జ’ అంటారు, దగ్గరి సూత్రమని. ఆ పేరెత్తితే చాలు, తిరిగి వివరించక్కర్లేదు. కానీ దాన్ని ‘ఐదర్ ఆఫ్’కు కూడా అంటగడితే ‘ఐదర్ ఆఫ్ ద రూమ్స్ ఆర్’ అని రాస్తారు. మాటల్లో అది వినిపిస్తుంది, పరీక్షలో ‘ఈజ్’ సురక్షితం.

వరసకైతే నా సలహా: జవాబు మాటలు ముందు, ‘నాట్... ఐదర్’ తర్వాత, ‘ఆఫ్’ ఆ తర్వాత, ‘ఐదర్... ఆర్’ ఆఖర్న. చాలామంది తిరగేసి, వాళ్లకు వచ్చినదాంతోనే మొదలుపెడతారు. కెమెరా ముందు రెండు పెన్నులు పట్టుకుని పది నిమిషాలు ‘విచ్ వన్?’ అని అడగండి. ఏదైనా సరే అయితే ‘ఐదర్ వన్ ఈజ్ ఫైన్’, రెండూ కావాలంటే ‘బోత్, ప్లీజ్’, వద్దంటే ‘నైదర్, థాంక్స్’. చెప్పినదాన్ని బట్టి ఒక పెన్నో రెండో కెమెరా వైపు జరపండి. ‘బోత్’ అని పొరపాటున అంటే రెండూ జరుగుతాయి, సరిదిద్దే పని ఉండదు.

తైపే_తెలుగు

ఉచ్చారణ గురించి ఒక్క ముక్క. ‘ఈదర్’, ‘ఐదర్’ రెండూ సరైనవే, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు. చిక్కంతా మధ్య హల్లుతోనే. మాండరిన్‌లో ఆ ధ్వని లేదు కాబట్టి ‘ఈజర్’ అనో ‘ఈడర్’ అనో వస్తుంది. మన ‘ద’ కూడా నమూనాగా పనికిరాదు, అందులో నాలుక గాలిని పూర్తిగా ఆపేస్తుంది. నాలుక కొన పళ్ల మధ్య కొద్దిగా బయటికి పెట్టి, గొంతు మోగిస్తూ, రెండు సెకన్లు ఆగకుండా గాలి వదలమనండి. ధ్వని మధ్యలో తెగితే నాలుక గట్టిగా నొక్కినట్టు. ‘జ్’ లాగా వినిపిస్తే నాలుక పళ్ల వెనకే ఉండిపోయినట్టు, కెమెరాలో కొన కనిపిస్తోందో లేదో చూడండి.