కన్యాశుల్కం నాటకంలోని మాటలను గురజాడవారి సూక్తులుగా చెప్పవచ్చునా?

ప్రశ్న:
సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి జయంతికి మా ఊరి గ్రంథాలయంలో ఆయన చమత్కారాన్ని గురించి పది నిమిషాలు మాట్లాడవలసి ఉన్నది. "డామిట్, కథ అడ్డంగా తిరిగింది", "తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి" వంటివి రాసిపెట్టుకున్నాను గానీ, మొదటిది గిరీశం అనే మోసగాడి మాట, రెండవది కూతుళ్లను అమ్ముకునే తండ్రి అగ్నిహోత్రావధాన్ల మాట. వీటిని సూక్తులని చెప్పడం సబబేనా?

మొదటి సమాధానం:
విడిగా చెబితే సబబు కాదండీ. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టాడు. ఆమె వితంతువై పుట్టింట్లో కళ్లెదుటే తిరుగుతుండగా, చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు మరో ముసలివాడు లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి ఒప్పుకుని వచ్చి, ఇంట్లోవాళ్లు వద్దని మొత్తుకుంటుంటే ఆ తాంబూలాల మాట అంటాడు. సభలో అందరూ నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే ఈ సంగతంతా చెప్పండి.

రెండో సమాధానం:
మీ జాబితాలో బండివాడు లేకపోవడం నాకు వెలితిగా తోస్తున్నది. నేషనల్ కాంగ్రెస్ మీద తాను రెండు గంటలు లెక్చరిస్తే, అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్ కానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడని గిరీశం చెబుతాడు. గిరీశం దృష్టిలో అది వట్టి తెలివితక్కువ ప్రశ్న. నాకు మాత్రం నాటకం మొత్తంలో అంతకంటె తెలివైన ప్రశ్న కనబడదు. ఎవరి రాజ్యం వచ్చినా ఆ మనిషికి రోజూ ఎదురుపడేది ఆ కానిస్టేబులే కదా! గురజాడవారు తమ వివేకాన్ని పెద్దమనుషుల చేతికి ఇవ్వలేదు, బండివాడికీ, వేశ్య అయిన మధురవాణికీ పంచిపెట్టారు.

మూడో సమాధానం:
1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన నాటకాన్ని ఆయన బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. మీరు 1909 నాటి పాఠాన్నే తీసుకోండి. దయచేసి అక్కడి పలుకుబడిని సభామర్యాద కోసం దిద్దవద్దు. వాడుకభాష కోసం అంత పోరాడిన మనిషి జయంతినాడు అది అన్యాయం.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. జాబితా పక్కన పెట్టాను. బండివాడి ముచ్చటను గిరీశం మాటల్లోనే, ఉన్నదున్నట్టుగా చదివి వినిపిస్తాను. ఆ తరువాత సమయం మిగిలితే మధురవాణి.